"తన్నుతాను ఉపేక్షించుకొని": ఇక్కడ ఉపేక్ష అంటే ఏంటండీ?

మత్తయి 16:24 అందరికీ తెలిసిందే, "ఎవడైనను నన్ను వెంబడింపగోరిన యెడల, తన్నుతాను ఉపేక్షించుకొని, తన సిలువ నెత్తికొని నన్ను వెంబడింపవలెను". నాకు ఆ ఉపేక్షించుకొని దగ్గర డౌటు. రోజూ న్యూస్‌లో వినేదేమో "తప్పు చేస్తే ఎంతటివారినైనా ఉపేక్షించేది లేదు" అని, అంటే చూసీచూడనట్టు వదిలేయం అని. ఆ లెక్కన నన్ను నేను ఉపేక్షించుకోవడం అంటే నా తప్పుల్ని నేనే వదిలేసుకోవడం అవ్వాలి, యేసు చెప్పేది దానికి పూర్తిగా రివర్సు కదా. పోనీ నిర్లక్ష్యం అనుకుందామా అంటే, ఒంట్లో బాలేకపోయినా పట్టించుకోకుండా అందరికీ చాకిరీ చేసేవాళ్లని చూపించి ఇదే ఉపేక్ష అని ప్రసంగాల్లో చెప్పడం విన్నా, అదీ మింగుడుపడట్లేదు.

— ఉప + ఈక్ష అండి. ఈక్ష అంటే చూడటం, పరీక్ష, అపేక్ష, మన బైబిల్లో వచ్చే నిరీక్షణ అన్నీ ఆ కుటుంబమే. చూస్తూ కూడా కల్పించుకోకుండా ఊరుకోవడం ఉపేక్ష. బౌద్ధంలో మైత్రి, కరుణ, ముదిత తర్వాత నాలుగోది ఇదే, అక్కడ సమభావం అని అర్థం. అన్నిచోట్లా చెడ్డమాటేం కాదు.

— సంస్కృతం సరే గానీ మత్తయి సువార్తకి మూలమైన గ్రీకు చూస్తే అసలు విషయం దొరుకుతుంది. ఇక్కడున్న క్రియ అపర్నెయోమై. ఇదే క్రియ మత్తయి 26:34లో యేసు శిష్యుడు పేతురు గురించి కూడా వాడారు, తెలుగులో అక్కడ "ఎరుగనని" అని వేసేసరికి మనకి ఆ లింకు కనబడదు. పేతురు ఏం చేశాడు, చలిమంట దగ్గర ఎవరో పనమ్మాయి అడిగితే ప్రాణభయంతో ఆ మనిషెవరో నాకు తెలీదన్నాడు, అంటే తనని కాపాడుకోడానికి యేసుని ఎరగనన్నాడు, 16:24లో అడిగేది సరిగ్గా దీన్ని తిరగేసి చెయ్యమని, నీలో "నా సంగతేంటి" అని అరిచేవాడున్నాడే వాణ్ణి నేనెరగను అనమని. ఒంటిని పాడుచేసుకోమని కాదు, మార్కు 6:31లో శిష్యుల్ని పక్కకి రమ్మని "అలసట తీర్చుకొనుడి" అన్నది కూడా ఆయనే.

— బావుంది సార్, కానీ అనడం ఈజీ. మనం రాత్రుళ్లు కూర్చుని చేసిన పనికి మీటింగ్‌లో ఇంకొకళ్ల పేరు చదివి చప్పట్లు కొడుతుంటే, అది నేను చేసిందండీ అని నోటిదాకా వచ్చేస్తుంది చూడండి, అప్పుడు ఎరగను అనాలంటే ఎట్లా?

— అందుకే ఈ వచనాన్ని సామెతలు 3:5తో కలిపి చదవాలంటాను, "నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మకముంచుము". హీబ్రూలో ఆ ఆధారం అంటే ఒరగడం, బరువంతా దానిమీద వెయ్యడం. స్వార్థం చాలాసార్లు దురాశ కంటే భయంలోంచే వస్తుందని నా అభిప్రాయం, నన్ను నేను చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు అన్న భయం. నిర్గమ 16లో మన్నా, అంటే అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడు రోజూ కురిపించిన ఆహారం, దాన్ని తెల్లారేదాకా దాచుకున్నవాళ్లు దొంగలేం కాదు, రేపు కూడా కురుస్తుందని నమ్మలేకపోయారంతే, దాచింది పురుగుపట్టి కంపు కొట్టింది. మీటింగ్‌లో నోరు కట్టేసుకోమని అనను, పేరు తప్పు చదివితే సరిచెయ్యొచ్చు, కానీ చప్పట్లు రాకపోతే నేనేమీ కానట్టే అన్న బరువు ఎక్కడ వేశామన్నదే చూసుకోవాలి. నమ్మకం లేకుండా ఉపేక్ష ఒక్కటే పట్టుకుంటే మాత్రం అది పళ్లబిగువున చేసే త్యాగమే అవుతుంది, నేనెంత తగ్గించుకున్నానో చూడండి అని మళ్లీ దానికీ లెక్క రాసుకుంటాం.

— మరి వాడుకభాషలో ఏమనొచ్చు? "తనను తాను కాదనుకుని" అంటే? ఆస్తి కాదనుకున్నాడు, అయినవాళ్లని కాదనుకున్నాడు అంటాం కదా.

— నాకు నచ్చింది, ఉపేక్ష కంటే సూటిగా ఉంది. ఒకటే పేచీ, లూకా 9:23లో "ప్రతిదినము" అని ఉంది, అది సిలువ ఎత్తుకోడానికే చెప్పినా మొత్తం బతుక్కి వర్తిస్తుంది, కాదనుకోవడం అంటేనేమో ఒక్కసారి తెంచేసుకుని వెళ్లిపోయినట్టు వినిపిస్తోంది. "కాదనుకుంటూ" అంటే సరిపోతుందేమో చూడండి.