అప్‌డేట్: సిస్‌ప్లాటిన్ కణాల మీద పనిచేయట్లేదన్న సమస్య తీరింది

మొన్న అడిగాను కదా, ఏ549 అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలకి ప్లాటినమ్ ఉండే క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌ని 50 మైక్రోమోలార్ గాఢతలో వేసినా హాయిగా బతికేస్తున్నాయని. తప్పు మందుది కాదు, కణాలదీ కాదు, నేను మందుని కరిగించిన సాల్వెంట్, డీఎంఎస్‌ఓది! దాంట్లో ఉండే సల్ఫర్ వెళ్లి ప్లాటినమ్‌కి అతుక్కుని క్లోరైడ్‌ని తోసేస్తుందట, ఇక అది సిస్‌ప్లాటినే కాదు. "సాల్వెంట్ ఏంటి ముందు చెప్పు" అని అడిగినాయనకి పెద్ద థాంక్స్, మిగతావాళ్లకి కూడా.

ఇప్పుడు 0.9% సెలైన్‌లో మిల్లీలీటర్‌కి 1 మి.గ్రా. చొప్పున, వెలుతురు తగలకుండా ఏ రోజుకి ఆ రోజు కలుపుకుంటున్నా, 10 మైక్రోమోలార్‌కే 72 గంటల్లో సగానికి పైగా చచ్చాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, స్ఫటికాలు కడతాయి, నాకు కట్టాయి.

మైకోప్లాస్మా (కణాల కల్చర్‌లో చేరే బ్యాక్టీరియా) టెస్ట్ నెగటివ్, ఎన్ని కణాలు బతికున్నాయో చెప్పే ఎమ్‌టీటీ రీడింగులూ బానే ఉన్నాయి, కొత్త వయల్‌కి పెట్టిన డబ్బులు దండగ. మందు లేకుండా ఒట్టి డీఎంఎస్‌ఓ వేసిన కంట్రోల్ కణాలు (పోల్చుకోడానికి పెట్టినవి) బావుండేసరికి సాల్వెంట్‌ని అనుమానించలేదు, అదే కొంపముంచింది. పాక్లిటాక్సెల్ అనే ఇంకో క్యాన్సర్ మందుకి డీఎంఎస్‌ఓ పర్లేదు, అందులో ప్లాటినమ్ లేదుగా, ప్లాటినమ్ ఉండే మరో మందు కార్బోప్లాటిన్ వాడేవాళ్లు మాత్రం చూసుకోండి.