పాయింట్లు పెడితే పాఠకులు వచ్చి దిద్దుతారా?

పాతకాగితం
ఒక చిన్న ఆర్కైవ్‌కి సాయం చేస్తున్నాను. పాత పత్రికలు స్కాన్ చేసి పెట్టాం. అక్షరాలు గుర్తుపట్టే పని ఓసీఆర్ అనే సాఫ్ట్‌వేర్‌కి వదిలేశాం, అంటే సగం పేజీలు చదవడానికి వీల్లేకుండా ఉన్నాయన్నమాట. కిందటేడు "పాఠకులే దిద్దవచ్చు" అని తలుపులు తీశాం. రెండు వందల మందికి పైగా ఖాతాలు తెరిచారు. ఒక్క పేజీ అయినా పూర్తిగా దిద్దినవాళ్లు పదకొండు మంది. అందులోనూ సగం పని ఇద్దరిదే.

ఇప్పుడు కమిటీలో ఒక ప్రతిపాదన వచ్చింది. పేజీకి ఇన్ని పాయింట్లు, వంద పేజీలకో బ్యాడ్జి, నెలనెలా ముందున్నవాళ్ల పేర్లతో ఒక పట్టిక. నాకు మనసొప్పడం లేదు, ఎందుకో చెప్పలేకపోతున్నాను. ఇలాంటివి నడిపినవాళ్లు, ఇలాంటి చోట దిద్దినవాళ్లు ఉంటే చెప్పండి. శుక్రవారం మీటింగ్.

వరుసలెక్క
పెట్టేయండి, ఇంకా ఆలోచనెందుకు? ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం 2008లో పాత పత్రికలు జనం చేతికిచ్చింది. ఇప్పుడు ట్రోవ్ అంటున్నారే, అదే. ఎవరు ఎన్ని వరుసలు దిద్దారో అక్కడ పట్టిక ఉంటుంది. లక్షల వరుసలు దిద్దినవాళ్లు ఉన్నారందులో. నేనూ ఇంకోచోట దిద్దుతుంటాను. నా పేరు పక్కన అంకె పెరిగితే ఇంకో పేజీ చేయబుద్ధవుతుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది?

పదకొండు మందేనా అని దిగులు పడకండి. వందలో తొంభై మంది ఊరికే చూసిపోతారు, తొమ్మిది మంది అప్పుడప్పుడు చెయ్యి వేస్తారు, మోసేది ఒక్కడే అని వెబ్‌సైట్ల వాడకాన్ని పరిశీలించే జేకబ్ నీల్సన్ 2006లోనే రాశాడు. మీ లెక్క దానికంటే మెరుగే.

గోడమీదపిల్లి
పాయింట్లతో ఏమైనా కొనుక్కోవచ్చా?

చేతిరాత
వరుసలెక్క గారు సగం చెప్పి ఆపారు. 2010లో ఓల్డ్ వెదర్ అని ఒక ప్రాజెక్టు మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ నౌకల లాగ్ పుస్తకాల్లోంచి ఉష్ణోగ్రత, గాలి, పీడనం లెక్కలు ఎక్కించడం. ఎక్కించేకొద్దీ క్యాడెట్ నుంచి లెఫ్టినెంట్ అవుతారు. ఒక ఓడలో అందరికంటే ఎక్కువ చేసినవాళ్లు కెప్టెన్. ఎవరైనా మిమ్మల్ని దాటితే ఆ హోదా వాళ్లకి పోతుంది. ఆ వాలంటీర్లనే అడిగి చేసిన పరిశోధన 2013లో వచ్చింది. కొందరికి ఈ పోటీ హుషారిచ్చింది, నిజమే. పైవాళ్లని ఎలాగూ అందుకోలేం కదా అని చల్లబడినవాళ్లూ ఉన్నారు. ఆ రెండో రకం వాళ్లు మీ పట్టికలో కనిపించరు, అందుకే అందరూ పట్టిక పనిచేసిందంటారు.

పేజీలు లెక్కపెడితే పేజీలే వస్తాయి. పెద్దక్షరాల ప్రకటనల పేజీలు ముందు అయిపోతాయి. చివికిపోయి, సిరా పాకి, మూడు గంటలు తినే పేజీ అలాగే పడుంటుంది. దానికీ అదే పాయింటు కదా! నేను పనిచేసే చోట పాత ఇంగ్లీష్ పుస్తకాలున్నాయి. వాటిలో పొడుగు ఎస్ అక్షరాన్ని చూసి యంత్రం ఎఫ్ అనుకుంటుంది. ఒకాయన గంటలో నలభై పేజీలకు "పూర్తయింది" నొక్కారు. తెరిచి చూస్తే ఒక్క ఎస్సూ మారలేదు, అన్నీ ఎఫ్‌లే.

అచ్చుతప్పు
ఒక చిన్న ప్రశ్న. మూలంలోనే అచ్చుతప్పు ఉంటే మీ ఆర్కైవ్‌లో దిద్దమంటారా, ఉన్నదున్నట్టు ఉంచమంటారా? ముందు ఇది తేల్చండి. పాయింట్ల సంగతి తర్వాత.

పాతకాగితం
ఉన్నదున్నట్టే ఎక్కించమంటాం. కానీ ఇక్కడ విషయం అది కాదండీ.

అచ్చుతప్పు
అదే విషయం.

వరుసలెక్క
@చేతిరాత: ఒకాయన దొంగలెక్క రాశాడని అందరికీ పాయింట్లు మానేస్తారా? పనిని ఏర్పాటు చేసే పద్ధతిలో ఉంటుంది అంతా. గెలాక్సీల బొమ్మలు చూసి ఆకారం చెప్పమని జనాన్ని అడిగే గెలాక్సీ జూలో ఒక్కో బొమ్మని చాలామందికి చూపిస్తారు, ఒకడు తప్పు నొక్కినా మిగతావాళ్ల లెక్కలో కొట్టుకుపోతుంది. పాత పుస్తకాలు దిద్దే డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్ 2000 నుంచి నడుస్తోంది. అక్కడ ఒక పేజీని ఒకరి తర్వాత ఒకరు రౌండ్ల వారీగా చూస్తారు, కొత్తవాళ్లని పై రౌండ్లలోకి రానివ్వరు. తప్పు మనిషిది కాదు, మీ ఏర్పాటుది.

చేతిరాత
ఆ పై రౌండ్ల దగ్గర పుస్తకాలు పేరుకుపోతుంటాయని కూడా చెప్పండి మరి. దిద్దేవాళ్లు దొరుకుతారు. దిద్దింది సరిచూసేవాళ్లు దొరకరు.

గోడమీదపిల్లి
2007 నుంచి "నేను రోబోని కాదు" అని నిరూపించుకోవడానికి రీక్యాప్చాలో వంకర మాటలు టైప్ చేశాం. పాత పుస్తకాల్లో, పత్రికల్లో యంత్రం చదవలేని ముక్కలవి. అంతా కలిసి ఎంత దిద్దామో. ఒక్క పాయింటూ ఇవ్వలేదు.

మౌనపాఠకుడు
ఇంకో దారి కూడా ఉంది. తత్త్వవేత్త బెంథమ్ రాతప్రతులు ఎత్తిరాయడానికి లండన్ యూనివర్సిటీ కాలేజ్ 2010లో జనాన్ని పిలిచింది. ఆ రాత చదవడం మామూలు విషయం కాదు. ప్రతి పేజీనీ సిబ్బంది చూసి సరే అంటేనే పూర్తయినట్టు. అక్కడా ఎక్కువ భాగం కొద్దిమందే చేశారు.

అచ్చుతప్పు
అదే విషయమని ఎందుకన్నానో ఎవరూ అడగలేదు గనక నేనే చెబుతాను. ఎక్కడని అడగొద్దు. ఒక ఆర్కైవ్‌లో పద్నాలుగు నెలలు దిద్దాను, రోజుకో గంట. ఒక దినపత్రిక తేదీ వరుసలో మంగళవారం రెండు రోజులు వచ్చింది. 13 మంగళవారం, 14 కూడా మంగళవారం. రెండోది బుధవారమని నాకు తెలుసు, క్యాలెండర్‌కీ తెలుసు. బుధవారం అని దిద్దాను. ఇలాంటివి ఓ అరవై దాకా చేసుంటాను.

ఒకరోజు తెరిచి చూస్తే అన్నీ వెనక్కి తిప్పేశారు. ఆ ముక్క ఒక్కటే తిప్పితే పోనీ అనుకుందును. ఆ పేజీల్లో నేను కూర్చి కూర్చి సరిచేసిన మిగతా వరుసలన్నీ కూడా పోయాయి, మళ్లీ యంత్రం రాసిన చెత్తే వచ్చి కూర్చుంది. ఎందుకని మెయిల్ రాశాను. వారం ఆగి మళ్లీ రాశాను. జవాబు లేదు. మూడు వారాల తర్వాత వచ్చిందండీ మెయిల్: "అభినందనలు! మీరు వెండి బ్యాడ్జి సాధించారు." అది యంత్రం పంపింది.

గోడమీదపిల్లి
వెండి బ్యాడ్జి దగ్గర నవ్వాపుకోలేకపోయాను. క్షమించండి అన్నా.

చేతిరాత
మీకు జవాబు ఇవ్వకపోవడం తప్పే. కానీ వెనక్కి తిప్పడం తప్పు కాదు. ఉన్నదున్నట్టు ఎక్కించడం ఈ పనిలో ఓనమాలు. ఆ రోజు పత్రిక ఏం అచ్చేసిందో అదే మనకి ఆధారం. ఇవాళ మీరు బుధవారం అని మారుస్తారు. రేపు ఇంకొకరు ఒక పేరు తప్పనుకుని మారుస్తారు, అది తప్పు కాకపోవచ్చు. చివరికి అక్కడ ఉండేది పాత పత్రిక కాదు, మన అభిప్రాయాలు. ఓనమాలు చదవకుండా పనిలోకి దిగితే ఇలాగే అవుతుంది.

అచ్చుతప్పు
ఓనమాలు రానివాడు పద్నాలుగు నెలలు ఉచితంగా చేశాడమ్మా. అందులో అరవై పోతే మిగతా వేల వరుసలు ఇవాళ్టికీ మీలాంటివాళ్లే వాడుకుంటున్నారు. మీకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది కదా? నాకు వెండి బ్యాడ్జి వచ్చింది.

చేతిరాత
వస్తుంది. ఒక్కదానికే వస్తుంది, ఎందుకంటే ఆ సెక్షన్‌లో ఉన్నది నేనొక్కదాన్నే. ఇవాళ్టికి నేను సరిచూడాల్సిన పేజీలు ఆరు వందల పైన ఉన్నాయి. పాఠకులకి జవాబులు రాయడం నా ఉద్యోగంలో భాగం కాదు, రాత్రి పడుకోబోయే ముందు ఇంట్లో కూర్చుని రాస్తాను. సాయం సాయం అంటారు, ఆ సాయం చివరికి వచ్చి పడేది నా నెత్తినే. కొన్ని రోజులు ఎవరూ రాకపోతే బాగుణ్ణు అనిపిస్తుంది. చాలా?

వరుసలెక్క
అదిగో, అసలు మాట ఇప్పుడొచ్చింది. మీకు జనం వద్దు. పాయింట్లు బాలేవు, నాణ్యత పోతుంది, ఇవన్నీ పైపై కబుర్లు. వికీపీడియాకి ముందు అదే మనుషులు 2000లో న్యూపీడియా పెట్టారు. నిపుణులు రాయాలి, ఏడు అంచెల్లో సమీక్ష జరగాలి. మొదటి ఏడాదిలో ఇరవై చిల్లర వ్యాసాలొచ్చాయి. 2001 జనవరిలో ఎవరైనా రాయొచ్చు అన్నాకే కదా ఇప్పుడు మనం చూస్తున్నది వచ్చింది. ట్రోవ్‌లోనూ ముందస్తు ఆమోదం లేదు. దిద్దగానే కనిపిస్తుంది, పాత రూపం కూడా పక్కనే భద్రంగా ఉంటుంది. లాగిన్ కూడా అక్కర్లేదు. జనాన్ని నమ్మినవాళ్ల దగ్గర పని జరిగింది, మీరు ఆరు వందల పేజీల దగ్గర కూర్చున్నారు.

చేతిరాత
జనం వద్దని కాదండీ. వచ్చినవాళ్లు మాట్లాడతారు. మాట్లాడితే జవాబు చెప్పడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని పెట్టుకోవడం ఇష్టం లేక బ్యాడ్జీలు పెడదామంటున్నారు, నా గొడవ దాంతో. మా పైవాళ్లూ సరిగ్గా ఇదే అన్నారు: "జనం ఉచితంగా చేస్తుంటే ఇంకో పోస్టు ఎందుకు?"

2008 జనవరిలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాదాపు 3,000 పాత ఫొటోలు ఫ్లికర్ అనే ఫొటోల సైట్‌లో పెట్టింది. బొమ్మలో ఉన్నదెవరో, అది ఏ చోటో జనం కామెంట్లలో చెప్పారు. ఆ ఏడాదిలోనే 500కు పైగా ఫొటోల వివరాలు లైబ్రరీ తన క్యాటలాగ్‌లో చేర్చుకుంది. ఎలా చేర్చుకుంది? సిబ్బంది కూర్చుని కామెంట్లు చదివి, నిజమో కాదో చూసి, ఎక్కించారు. అందరూ మొదటి సగమే చెప్పుకుంటారు.

మౌనపాఠకుడు
గెలాక్సీ జూ పేరొచ్చింది గనక ఒక మాట. 2007లో హ్యానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ టీచర్ అందులో గెలాక్సీల బొమ్మలు చూస్తుంటే ఒకదాని పక్కన వింత మచ్చ కనిపించింది. ఆమెని అడిగింది గెలాక్సీ ఆకారం గురించి, మచ్చల గురించి కాదు. ఆమె ఊరుకోకుండా అక్కడి చర్చావేదికలో "ఇదేంటి?" అని అడిగింది. శాస్త్రవేత్తలు పట్టించుకున్నారు. ఇప్పుడు దాన్ని ఆమె పేరుతోనే హ్యానీస్ వూర్వెర్ప్ అంటారు. అడిగే చోటు లేకపోతే ఏదో బటన్ నొక్కి తర్వాతి బొమ్మకి వెళ్లిపోయేదేమో.

వరుసలెక్క
అది బాగుంది, ఒప్పుకుంటాను. నా సంగతి కూడా చెప్పేస్తా. నేను దిద్దే చోట నాలుగేళ్లుగా ఒక్క మనిషి ఒక్క ముక్క రాయలేదు. నేను చేసింది ఎక్కడో నమోదైందని చెప్పేది ఆ అంకె ఒక్కటే. అది కూడా తీసేస్తే గోడకి చెప్పుకున్నట్టే. అందుకే పట్టిక పట్టిక అంటున్నాను.

పాతకాగితం
ఇంత గొడవ జరుగుతుందనుకోలేదు. ఇవాళ మా సైట్‌లో "సందేహాలు" పెట్టె తెరిచాను. నిజం చెప్పాలంటే అందులోకి వచ్చినవి ఎవరు చూడాలో మాలో ఎవరికీ తెలీదు. పంతొమ్మిది ఉన్నాయి. అన్నిటికంటే పాతది ఏడు నెలల కిందటిది. సగం పని చేసిన ఇద్దరి గురించి మొదట్లో చెప్పాను కదా, వాళ్లలో ఒకావిడ రాసింది: "పేజీ అంచు చిరిగి సగం మాట పోయింది. మిగతా సగం ఊహించి రాయనా, ఖాళీ ఉంచనా?"

తర్వాత ఆవిడ ఒక్క పేజీ కూడా చేయలేదు. లాగ్ చూశాను. ఆ పేజీ ఇంకా సగంలోనే ఉంది.

గోడమీదపిల్లి
అయ్యో.

చేతిరాత
ఖాళీ ఉంచి, చిరిగిందని రాయమనండి. ఈ రాత్రే జవాబు రాయండి, ఆలస్యమైనా పర్లేదు.

అచ్చుతప్పు గారూ, ఓనమాలు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మంగళవారం మాత్రం మంగళవారమే. మీరు అది అలాగే ఉంచి, పక్కన "మూలంలో ఇలాగే ఉంది, బుధవారం కావాలి" అని నోట్ పెట్టాల్సింది. మీరు కనిపెట్టింది అప్పుడు అందరికీ పనికొచ్చేది.

అచ్చుతప్పు
నోట్ ఎక్కడ పెట్టాలమ్మా? నేను వెతకలేదనుకున్నారా? పేజీ బొమ్మ, దిద్దే గడి, "పూర్తయింది" బటన్. అంతే. మీ దగ్గర ఉందా నోట్ పెట్టే చోటు?

చేతిరాత
లేదు.

పాతకాగితం
మా దాంట్లోనూ లేదు. శుక్రవారం ముందు అది అడుగుతాను. ఆ పంతొమ్మిదింటికి ఈ వారం నేనే కూర్చుంటాను, తర్వాత ఎవరన్నది కూడా అక్కడే తేలాలి.

వరుసలెక్క
పట్టిక సంగతి కూడా అడగండి.