నాలుగో ఎన్రీకే: చేతగాని రాజా, చెడ్డపేరు మోసిన రాజా?

సంధ్యారాగం:
ఇప్పటి స్పెయిన్‌లో భాగమైన కాస్తీల్ రాజ్యాన్ని 1454 నుంచి 1474 వరకు ఏలిన నాలుగో ఎన్రీకేకు చరిత్రలో మిగిలిన బిరుదు ‘నపుంసకుడు’. కూతురు హువానా ఆయన బిడ్డ కాదనీ, ఆస్థానంలోని బెల్త్రాన్ దె లా క్వేవాకు పుట్టిందనీ ప్రచారం. అందుకే ఆమెను ‘బెల్త్రానేహా’ (బెల్త్రాన్ కూతురు) అని ఎగతాళి చేశారు. చివరికి గద్దె రాజు సవతి చెల్లెలు ఇసబెల్‌కు దక్కింది. నాకైతే ఇది గెలిచినవాళ్ళు రాయించుకున్న కథ అనిపిస్తుంది.

పాతకోట:
నిప్పు లేనిదే పొగ రాదండీ. నవార్ యువరాణి బ్లాంకాతో 13 ఏళ్ళ పెళ్ళిని 1453లో రద్దు చేసింది కాపురమే జరగలేదని కదా! రెండో భార్యకు బిడ్డ పుట్టడానికి కూడా ఏడేళ్ళు పట్టింది.

సంధ్యారాగం:
ఆ రద్దులో చెప్పిన కారణం చేతబడి! అదీ బ్లాంకా దగ్గర మాత్రమే పనిచేసే చేతబడి. సెగోవియా వేశ్యలను విచారిస్తే యువరాజుకు ఏ లోపమూ లేదన్నారు. ఇక 1462లో హువానా పుడితే జ్ఞానస్నానంలో ధర్మమాతగా నిలిచింది ఎవరు? ఇసబెలే. ఆ ఏడాదే రాజ్య ప్రతినిధుల సభ కోర్తెస్ పాపను వారసురాలిగా ఒప్పుకుని ప్రమాణం చేసింది. రాజు బెల్త్రాన్‌ను అందలమెక్కించి, పాత చెలికాడు పచేకోను దూరం పెట్టాకే, 1464లో, ప్రభువులకు ఈ అనుమానం వచ్చింది. రాజు పోయాక ఇసబెల్, హువానా పక్షాల మధ్య జరిగిన వారసత్వ యుద్ధంలో ఆ బెల్త్రాన్ పోరాడింది ఇసబెల్ పక్షాన!

పాతకోట:
దానివల్ల తేలింది బెల్త్రాన్‌కు తన జాగీర్ల మీద ఉన్న ప్రేమ ఒక్కటే.

రాతిఎద్దు:
ఇద్దరూ పడకగది దాటి బయటికి రండి. 1465 జూన్ 5న తిరగబడ్డ ప్రభువులు ఆవిలా ఊరి బయట వేదిక కట్టి, రాజు బొమ్మకు నల్లబట్టలు తొడిగి కూర్చోబెట్టారు. తొలేదో ఆర్చిబిషప్ కిరీటం తీశాడు, బొమ్మను కిందికి తన్నేశారు, రాజు సవతి తమ్ముడు, 11 ఏళ్ళ అల్ఫోన్సోను రాజన్నారు. ఇంత జరిగినా ఎన్రీకే బేరాలు మానలేదు. అల్ఫోన్సో చనిపోయాక, 1468 సెప్టెంబరు 19న, గిసాందో అనే చోట ఉన్న పురాతన రాతి ఎడ్ల శిల్పాల దగ్గర ఇసబెల్‌ను వారసురాలిగా తానే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పందంలో హువానా పరాయి బిడ్డ అన్న మాట లేదు! రాణితో పెళ్ళి చట్టబద్ధం కాదనీ, ‘ఏడాదిగా’ ఆమె నడవడి బాగాలేదనీ ఉంది. పాపకప్పటికి ఆరేళ్ళు. లెక్క మీరే కట్టండి. ఆ అపవాదు శత్రువులది, కానీ కూతురి హక్కును వదులుకున్న సంతకం తండ్రిది. 1470లో మాట మార్చి మళ్ళీ హువానాయే వారసురాలు అన్నాడు. అప్పటికి ఇసబెల్ పెళ్ళి పొరుగు రాజ్యం అరగాన్ యువరాజు ఫెర్నాందోతో అయిపోయింది.

పాతకోట:
సంతకం సంగతి ఒప్పుకుంటాను. కానీ తండ్రి ఎవరన్నది ఎముకలు పరీక్షించి తేల్చవచ్చు కదా?

రాతిఎద్దు:
రాజు అవశేషాలు గ్వాదలూపే మఠంలో 1946లో బయటపడ్డాయి. పోల్చడానికి హువానావే లేవు. 1479లో ఆ వారసత్వ యుద్ధం ఇసబెల్ గెలుపుతో ముగిశాక ఆమెను పోర్చుగల్‌లో సన్యాసినుల మఠానికి పంపారు. 1530లో లిస్బన్‌లో పోయేదాకా ‘నేను, రాణిని’ అనే సంతకం చేసింది.