స్టేడియంలో ఆ ‘వై’ మాట: నేను అరవొచ్చా, మానెయ్యాలా?

గోదారి_స్పర్స్:
అందరికీ నమస్తే అండీ. ఫుట్‌బాల్ గొడవే, కానీ ఫుట్‌బాల్ చూడనివాళ్లు కూడా చదివి ఒక మాట చెప్పండి.

నాది పాలకొల్లు. మూడేళ్లుగా లండన్‌లో ఉద్యోగం, సెవెన్ సిస్టర్స్ దగ్గర ఇంకో ఇద్దరితో కలిసి అద్దెకుంటున్నాను. టాటెన్‌హామ్ హాట్‌స్పర్ అనే లండన్ ఫుట్‌బాల్ క్లబ్, అదే స్పర్స్, పిచ్చి మాత్రం ఇక్కడికి రాకముందే పట్టింది. 2019 మే నెలలో అమీర్‌పేట హాస్టల్లో, తెల్లవారుజామున రెండున్నరకి, ఆమ్‌స్టర్‌డామ్ జట్టు ఆయాక్స్ మీద మా లూకాస్ మౌరా ఆఖరి క్షణంలో మూడో గోల్ కొట్టినప్పుడు నేను పెట్టిన కేకకి వార్డెన్ పైకొచ్చి మా ఫ్లోరంతా కరెంటు తీసేశాడు. ఆ రాత్రి నుంచి నేను స్పర్స్ మనిషిని.

ఇక్కడ మొదటిసారి సౌత్ స్టాండ్‌లో నిలబడ్డప్పుడు ఒళ్లు జలదరించిందండీ. పదిహేడున్నర వేల మంది పట్టే స్టాండ్ అది. అందరూ ‘యిడ్ ఆర్మీ, యిడ్ ఆర్మీ’ అని అరుస్తుంటే నేనూ అరిచాను. పైన ‘వై’ మాట అన్నది ఈ ‘యిడ్’నే, ఇంగ్లిష్‌లో వై అక్షరంతో మొదలవుతుంది కాబట్టి. మనకి నచ్చిన ఆటగాణ్ణి ‘యిడ్డో’ అంటారు. నా చెవికి అది మన ‘ఈడో ఆడో’లా వినబడింది. ఏదో లండన్ యాస అనుకున్నాను. అర్థం అడగాలని తోచలేదు. పక్కవాడు పాడితే మనమూ పాడతాం, అంతే కదా. బయట హై రోడ్డు మీద ఒక బండి దగ్గర పన్నెండు పౌండ్లు పెట్టి ఆ మాట రాసున్న టీషర్టు కూడా కొన్నాను.

పోయిన నెల మ్యాచ్ వీడియో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. మా ఆఫీసులో జీతాలు చూసే ఒక పెద్దావిడ ఉంది, అరవై దాటి ఉంటాయి. నేను కొత్తగా వచ్చినప్పుడు ఏ ఏరియాలో అద్దెలు తక్కువో కాగితం మీద పెన్సిల్‌తో రాసిచ్చిన మనిషి. మర్నాడు టీ కలుపుకునే చోట మిగతావాళ్లు వెళ్లేదాకా ఆగి, “నువ్వు పాడుతున్న ఆ మాటేంటో నీకు తెలుసా?” అని అడిగింది. మా జట్టు పేరు అన్నాను. ఆవిడ నవ్వలేదు. వాళ్ల నాన్న చిన్నప్పుడు తూర్పు లండన్‌లోని స్టెప్నీలో బడికి వెళ్తుంటే ఆ మాట, దాని వెనకే ఒక రాయి వచ్చాయట. ఎడమ కనుబొమ మీద మచ్చ ఆయన పోయేదాకా ఉంది, చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి ఇదేంటి నాన్నా అని అడిగేదాన్ని అంది. అప్పుడు గానీ ఆవిడ యూదు అని నాకు తెలియలేదు, ఆ మాట యూదుల్ని తిట్టేదని కూడా. కోప్పడలేదు. టీ తాగి, కప్పు కడుక్కుని వెళ్లబోతూ ఆగి ఇంకో మాట అంది. వాళ్ల తమ్ముడికి నలభై ఏళ్లుగా స్పర్స్ సీజన్ టికెట్ ఉందట. ఆయన గొంతు చించుకుని అదే పాడతాడట. “ప్రతి పస్కా (యూదుల పండగ) భోజనం దగ్గరా మా ఇద్దరికీ దీని మీదే గొడవ” అంది.

అక్కాతమ్ముళ్లే తేల్చుకోలేనిదాన్ని నేనేం తేల్చుకుంటాను? అందులోనూ నేను యూదుణ్ణి కాదు, ఇంగ్లిష్‌వాణ్ణి కూడా కాదు. అరవొచ్చా? మానెయ్యాలా?

పాతటికెట్:
తమ్ముడూ, నాది కరీంనగర్, హ్యారోలో ఉంటాను. 2004 నుంచి స్పర్స్ మ్యాచ్‌లకి వెళ్తున్నాను, పాత స్టేడియం వైట్ హార్ట్ లేన్ ఉన్న రోజుల నుంచి. మానెయ్యమనే వాళ్లు ఎలాగూ వస్తారు కాబట్టి ముందు మా వైపు కథ విను.

వంద ఏళ్ల కింద తూర్పు లండన్‌లోని ఈస్ట్ ఎండ్‌లో బట్టలు కుట్టుకుని బతికే యూదులు శనివారం మధ్యాహ్నం ట్రామ్ ఎక్కి ఈ గ్రౌండ్‌కి వచ్చేవాళ్లు. అట్లా ఈ క్లబ్‌కి యూదు క్లబ్ అని పేరు పడింది. నిజానికి మా పక్క ప్రత్యర్థి ఆర్సెనల్‌కి కూడా యూదు అభిమానులు తక్కువేం కాదు, కానీ ముద్ర మాత్రం మాకే పడింది. 1935లో ఇంగ్లండ్, జర్మనీ మ్యాచ్ ఎక్కడ పెట్టారనుకున్నావు? ఇదే గ్రౌండ్‌లో, పైన హిట్లర్ స్వస్తిక జెండా ఎగరేసి. ఒకాయన పైకప్పు ఎక్కి దాన్ని కిందికి తెచ్చాడు.

ఆ మాట యూదులు మాట్లాడే యిడ్డిష్ భాషలో తిట్టు కాదు, ‘యీద్’ అంటే యూదుడు అనే. దాన్ని ఇంగ్లిష్‌లో నొక్కి ‘యిడ్’ అని తిట్టు చేశారు. 1930ల్లో మోస్లీ అనే బ్రిటిష్ ఫాసిస్టు నాయకుడి నల్లచొక్కాలవాళ్లు ఈస్ట్ ఎండ్ వీధుల్లో యూదుల్ని తరిమెయ్యాలని నినాదాలు చేసింది ఈ మాటతోనే. తర్వాత ఎదుటి జట్ల అభిమానులు మమ్మల్ని అదే మాటతో తిట్టడం మొదలెట్టారు. డెబ్బైలు ఎనభైల్లో మావాళ్లు విసిగిపోయి, “అవున్రా, మేం వాళ్లమే, అయితే ఏంటి?” అన్నారు. విసిరిన రాయిని పట్టుకుని జేబులో వేసుకున్నట్టు. 1994లో జర్మన్ ఆటగాడు క్లిన్స్‌మన్ మా జట్టుకి వస్తే, నిన్నటిదాకా జర్మన్, ఇవాళ యూదుడు అని పాట కట్టారు. అందులో ఎవరి మీదైనా ద్వేషం కనిపిస్తుందా నీకు?

ఇంకొకటి నా చెవులతో విన్నది చెప్తాను. 2012 నవంబర్, ఇంకో లండన్ జట్టు వెస్ట్ హామ్‌తో మ్యాచ్. మూడు రోజుల ముందే రోమ్‌లో ఒక బార్‌లో కూర్చున్న మా అభిమానుల మీద పడి కొట్టారు, ఒకాయన్ని కత్తితో పొడిచారు. ఆదివారం వెస్ట్ హామ్ వాళ్ల స్టాండ్ నుంచి సన్నగా ఒక చప్పుడు. స్‌స్‌స్‌స్ అని. ముందు పాము బుస అనుకున్నాను. గ్యాస్ స్టవ్ నాబ్ తిప్పి అగ్గిపుల్ల గియ్యకపోతే ఎట్లా వస్తుంది, అట్లా. అర్థమైందా తమ్ముడూ, నాజీలు యూదుల్ని చంపిన గ్యాస్ ఛాంబర్! నా పక్క సీటు ముసలాయన యూదు. ఆ చప్పుడు ఆగకముందే ఆయన లేచి రెండు చేతులూ ఎత్తి ‘యిడ్ ఆర్మీ’ అని అరిచాడు. వెనక స్టాండంతా అందుకుంది. నాకు ఆ మాట అంటే ఆ ముసలాయనే.

2013లో అరిస్తే కేసు పెట్టొచ్చని ఫుట్‌బాల్ అసోసియేషన్ హెచ్చరించింది. ముగ్గురు మా అభిమానుల మీద పెట్టారు కూడా. ప్రధాని కామెరాన్ మాత్రం, తమని తాము అనుకోవడం వేరు, ఎదుటివాణ్ణి తిట్టడం వేరు అన్నాడు. మరుసటి ఏడాది కేసులు ఎత్తేశారు. కాబట్టి జైలుకి పోతావనే భయం పెట్టుకోకు.

బిర్యానీబ్యాక్:
ఒక్క మాటకి ఇంత టెన్షన్ ఎందుకు బ్రో? ఆటని ఆటలా చూడు. ఇప్పుడు ప్రతిదానికీ మనోభావాలే. ముందు మీ జట్టు డిఫెన్స్ సంగతి చూస్కోండి.

కాలువగట్టు:
నేను ఆమ్‌స్టర్‌డామ్ పక్కన ఆమ్‌స్టెల్‌వీన్‌లో ఉంటాను. మా వారు ఆయాక్స్ అభిమాని, నేను గొడవ లేకుండా ఆదివారం గడిస్తే చాలనుకునే మనిషిని.

మీరు కేక పెట్టిన ఆ 2019 మ్యాచ్‌లో అవతలి జట్టుదీ ఇదే కథ, తెలుసా? ఇక్కడ అభిమానులు తమని ‘యోడెన్’, అంటే యూదులు, అనుకుంటారు. దావీదు నక్షత్రం జెండాలు పట్టుకుంటారు, చేతుల మీద పచ్చబొట్లు పొడిపించుకుంటారు. అడిగితే వాళ్లలో యూదులు ఎక్కడో ఒకరు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆమ్‌స్టర్‌డామ్‌లో దాదాపు 80,000 మంది యూదులుండేవాళ్లు. డచ్ యూదుల్లో నలుగురికి ముగ్గుర్ని నాజీలు చంపేశారు. ఆయాక్స్‌కి ఆడిన ఎడీ హామెల్‌ని కూడా 1943లో ఆష్‌విట్జ్ నాజీ శిబిరంలో చంపేశారు. మనుషులు పోయిన ఊళ్లో పేరు మాత్రం స్టేడియంలో మిగిలింది.

పాతటికెట్ గారు చెప్పిన ముసలాయన కథ నన్నూ కదిలించింది, కాదనను. కానీ ఇక్కడ నేను చూసేది ఇంకోలా ఉంది. వీళ్లు యూదులం అంటారు, అందుకు ప్రత్యర్థి జట్టు ఫేయనూర్డ్ వాళ్లు యూదుల్ని గ్యాస్‌కి పంపాలని పాడతారు. నిజానికి వాళ్లు ద్వేషించేది ఆయాక్స్‌ని. మా కింది వాటాలో ఒక తాతగారున్నారు, యుద్ధంలో ఆయన్ని పసివాడిగా ఒక రైతు ఇంట్లో దాచి పెంచారు. మ్యాచ్ రోజున ఆయన ట్రామ్ ఎక్కరు. రొట్టె అయిపోతే నేను తెచ్చిస్తాను. ఎవరు ముందు మొదలెట్టారో, ఎవరు బదులిచ్చారో ఆయనకి అనవసరం. కిటికీలోంచి రెండు పాటలూ వినబడేది ఆయనకే.

చేబ్రోలోడు:
ఇది నాకు బాగా తెలిసిన లెక్క కాబట్టి రాస్తున్నా. ఫుట్‌బాల్ నాకు తెలీదు.

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. ఆ మరుసటేడు మా నాన్న తన పేరు చివర ‘మాదిగ’ అని తగిలించుకున్నాడు. ఆయన లైన్‌మన్. ఇంటి ముందు బోర్డు రాయించడానికి పెయింటర్ని పిలిస్తే, వాడు బ్రష్ పట్టుకుని రెండుసార్లు అడిగాడు, “నిజంగానే రాసెయ్యమంటారా?” అని. మూడోసారి మా నాన్న బ్రష్ లాక్కుని తనే రాశాడు. అక్షరాలు వంకరగా వచ్చాయి, ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అప్పటిదాకా ఆ మాట ఆయనకి బావి దగ్గర, హోటల్లో గ్లాసు దగ్గర, ఎవడో విసిరితే వచ్చింది. ఆ రోజు మాత్రం తనే పెట్టుకున్నాడు.

కాబట్టి తిట్టుని పేరుగా చేసుకోవడం గొప్ప పనే. పాతటికెట్ గారి పక్క సీటు ముసలాయన చేసింది అచ్చం మా నాన్న చేసిందే. ఆయన్ని ఎవడూ ఆపకూడదు. నా ప్రశ్న వెనక అందుకున్న స్టాండంతటి గురించి. మా ఊరి పెద్దకులం కుర్రాళ్లు కబడ్డీ జట్టు కట్టి, దానికి మా కులం పేరు పెట్టుకుని, చొక్కాల మీద రాసుకుని, ప్రేమతోనే అరుస్తూ తిరిగారనుకోండి. సాయంత్రం చొక్కా విప్పేసి ఇంటికెళ్లి పడుకుంటారు. మా నాన్న చొక్కా విప్పినా ఆ మాట పోదు.

ఒక చిన్న సంగతి. మా చేబ్రోలు పక్కనే కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులున్నారు, బెనె ఎఫ్రాయిమ్ అంటారు. సినగాగ్ (ప్రార్థన మందిరం) ఉంది, షబ్బాత్ (శనివారం విశ్రాంతి దినం) చేస్తారు. వాళ్లూ మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లలో ఒకాయన్ని మీ సౌత్ స్టాండ్‌లో నిలబెడితే రెండు మాటలకీ ఆయనే హక్కుదారు. ఆయన ఊ అంటే అరవండి!

బిర్యానీబ్యాక్ గారూ, మీ మనోభావాలు ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు, అందుకే మీకు ఆట ఆటలా ఉంది.

పాతటికెట్:
చేబ్రోలు తమ్ముడు కబడ్డీ జట్టు అన్న దగ్గర దొరికిపోయాను. ముందు చెప్పకుండా దాచింది ఇప్పుడు చెప్తాను. 2019లో క్లబ్బే అభిమానుల్ని అడిగింది, 23,000 మందికి పైగా జవాబిచ్చారు. మూడో వంతు మంది మ్యాచ్‌లో తరచూ ఆ మాట వాడతామన్నారు. అందరిలో 94 శాతం మంది అది యూదుల మీద తిట్టు కావొచ్చని ఒప్పుకున్నారు. తెలిసే అరుస్తున్నాం అన్నమాట. దాదాపు సగం మంది తగ్గిస్తేనో మానేస్తేనో బాగుంటుందన్నారు. 2022 ఫిబ్రవరిలో క్లబ్ కూడా ఇక దీన్ని వదిలేద్దాం అని అడిగింది. అయినా మొన్న కూడా అరిచాం. నేనూ అరిచాను. ఎదుటివాళ్లు ఆ గ్యాస్ చప్పుడు చేస్తే ఇప్పటికీ నా నోరు ఊరుకోదు. మామూలప్పుడు మానొచ్చేమో.

గోదారి_స్పర్స్:
అందరికీ థ్యాంక్సండీ. చేబ్రోలోడు గారూ, మీరు రాసింది నాలుగుసార్లు చదివాను. పాలకొల్లులో మాది ఏ వీధో నేను రాయలేదు, మీరు అడగలేదు. మా నాయనమ్మ మీ నాన్నగారి బోర్డు మీది మాటని కూరగాయల బేరంలో తిట్టుగా వాడేది. అప్పుడు నాకది తప్పనిపించలేదు, వినీ వినీ అలవాటైపోయి.

శనివారం మ్యాచ్‌కి వెళ్లాను. ఇరవయ్యో నిమిషానికి ఆ పాట లేచింది. నా నోరు దానంతటది తెరుచుకుంది, ‘యి’ దాకా వచ్చేసింది కూడా. ఏం చెయ్యాలో తెలీక ఆవలించాను. ముందు వరసలో ఒక పిల్లాడు వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నాడు, వీడికి మ్యాచ్ బోర్ కొడుతోందా అన్నట్టు. అది అయ్యాక ‘కమ్ ఆన్ యూ స్పర్స్’ మొదలైంది, దాన్ని మాత్రం వదల్లేదు.

ఆఫీసులో ఆవిడకి ఇదంతా ఏం చెప్పలేదు. సోమవారం టీ దగ్గర కనబడి స్కోరెంత అని అడిగింది, చెప్పాను. తమ్ముడు అప్పటికే ఫోన్ చేసి చెప్పేశాడంది.

టీషర్టు చారిటీ షాపులో ఇద్దామని సంచిలో పెట్టాను. ఇస్తే ఇంకెవరో వేసుకుని తిరుగుతారు కదా అని మళ్లీ బయటికి తీశాను. నాలుగు ముక్కలు చేసి సైకిల్ చైను తుడుస్తున్నాను. మంచి కాటన్, గ్రీజు బాగా పీలుస్తోంది.