కరీంనగర్ రోడ్డు మీద 50 ఎంఎం చక్రాలు గాలికి ఊగుతున్నయి, ముందుది మార్చాల్నా?

హన్మకొండ_సైకిల్:
అన్నలకు నమస్తే. రోడ్డు సైకిల్‌కు ముందు, వెనక రెండూ 50 ఎంఎం లోతు రిమ్ము ఉన్న కార్బన్ చక్రాలే. డిస్క్ బ్రేకులు, టైరు అంచును పట్టే హుక్ ఉన్న రిమ్ము, 28 ఎంఎం టైరు, లోపల ట్యూబు. నా బరువు 58 కిలోలు. జనగామ దిక్కు పోతే ఈ వానాకాలం గాలిల కూడ సైకిల్ సక్కగనే పోతది, స్పీడే రాదు. అదే హసన్‌పర్తి దాటి కరీంనగర్ రోడ్డు పట్టుకుంటే హ్యాండిల్ చేతులల్ల ఆగుతలేదు. పక్క నుంచి లారీ పోతే ఇంకా ఘోరం. రెండూ తీసి అల్లాయ్‌వి వేసుకోవాల్నా, ముందుదొక్కటి మారిస్తే సరిపోతదా? ఇంకోటి, వానల తిరిగినంక రిమ్ము లోపల నీళ్లు గలగలమంటున్నయి. దానికేం చేయాలె?

ఓరుగల్లు_వాట్స్:
రెండూ తీయకండి. ముందుది మార్చండి, చాలు.

రోడ్డు ఏ దిక్కుకు పోతుందో చూస్తే సగం జవాబు అక్కడే ఉంది. జనగామ మన హన్మకొండకు నైరుతి మూల. వానాకాలం గాలి వచ్చేది కూడా నైరుతి, పడమర నుంచే. అది ఎదురుగాలి, తొడలు మండుతాయి తప్ప హ్యాండిల్ కదలదు. కరీంనగర్ వాయవ్య మూల. అదే నైరుతి గాలి ఆ రోడ్డు మీద సూటిగా ఎడమ పక్క కొడుతుంది. ములుగు దిక్కు పోతే వెనక నుంచి తోస్తుంది. పోయేటప్పుడు రాజభోగం, వచ్చేటప్పుడు సంగతి వేరు.

ఇక లెక్క. మీరు గంటకు 30 కి.మీ. వేగంతో పోతుంటే పక్క నుంచి 10 కి.మీ. గాలి వీచిందనుకోండి, చక్రానికి గాలి సుమారు 18 డిగ్రీల వాలులో తగులుతుంది. అదే 20 కి.మీ. గాలైతే 34 డిగ్రీలు. లోతు రిమ్ముల లాభం ఎక్కువగా 15 డిగ్రీల లోపే. అది దాటినంక గాలి రిమ్మును పట్టుకొని పారకుండా విడిపోతుంది, పక్క తోపు ఒక్కసారిగా మారిపోతుంది. ఒకే తీరుగా తోస్తే ఎవరైనా సర్దుకుంటారు. ఇట్లా ఎక్కి దిగుతుంటేనే చేతులు తడబడతాయి.

వెనక చక్రం మీద పడ్డ తోపు ఫ్రేముకు పోతుంది, దానికి స్టీరింగుతో పని లేదు. ముందు చక్రం మీద పడ్డది ఆ చక్రాన్ని పట్టుకున్న ఫోర్కును, దాంతో హ్యాండిల్‌ను తిప్పుతుంది. అందుకే ముందు 30 లేదా 35 ఎంఎం, వెనక 50 అన్న జోడి మీలాంటి తేలిక మనుషులకు సరిగ్గా కుదురుతుంది. రిమ్ము మీద పడే తోపు 58 కిలోలాయనకైనా 80 కిలోలాయనకైనా ఒక్కటే, తట్టుకునే బరువే మీ దగ్గర తక్కువ. హవాయిలోని కోనాలో జరిగే ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీల్లో పక్కగాలుల వల్లే స్పోకులు లేకుండా పళ్లెంలా ఉండే నిండు డిస్క్ చక్రం వెనక కూడా వద్దన్నారు. మన రోడ్డు మీద వెనక 50కి ఆ భయం అక్కర్లేదు.

రిమ్ము ఆకారం కూడా చూడండి. లోపలి అంచు కత్తిలా సన్నగా ఉన్న పాత వి-ఆకారం రిమ్ములు గాలికి ఎక్కువ తిరుగుతాయి. అంచు గుండ్రంగా, వెడల్పుగా ఉన్నవి నయం. వెర్నియర్‌తో రెండు కొలతలు తీసుకోండి: గాలి నింపినంక టైరు అసలు వెడల్పు, రిమ్ము బయటి వెడల్పు. రిమ్ము కనీసం 5 శాతం ఎక్కువుండాలి. టైరు మీద 28 అని రాసున్నా వెడల్పు రిమ్ము మీద అది 29, 30 అవుతుంది. రిమ్ము 27 ఉంటే టైరు బయటికి ఉబ్బి గాలి ఇంకా ముందే విడిపోతుంది.

పరకాల_పెడల్:
పైసలు పెట్టే ముందు ఒకటి చూడు తమ్మీ. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకు వెనక్కు ఊపు. ఇంకో చేతి వేళ్లు హెడ్‌సెట్ కాడ, అంటే ఫోర్కు తిరిగే బేరింగుల కాడ పెట్టు. టక్ టక్ అని ఆడితే హెడ్‌సెట్ లూజున్నట్టు. హ్యాండిల్‌ను పట్టే స్టెమ్ పక్క బోల్టులు వదులు చేసి, పై బోల్టు ఆట పోయేదాక బిగించి, మళ్లీ పక్కవి బిగించుకో. ముందు యాక్సిల్ కూడ చూడు, బిగింపు 12 నుంచి 15 న్యూటన్ మీటర్లు ఉండాలె. గాలి లేని పొద్దున కూడ స్పీడు 35 కి.మీ. దాటినంక ఊగిందంటే తప్పు రిమ్ముది కాదు.

లారీ సంగతి. పోయేటప్పుడు గాలి నీకు ఎడమ దిక్కు నుంచి వస్తది. లారీ మూతి నిన్ను మొదలు ఎడమకు నెడ్తది, బాడీ దాటుతుంటే కుడికి గుంజుతది. ఆ గుంజుడుకు గాలి తోడైతది, రెండూ కలిసి నిన్ను లారీ దిక్కే తీసుకపోతయి. వచ్చేటప్పుడు గాలి కుడి పక్క. దానికి ఆనుకొని నువ్వు కుడికి ఒరిగి తొక్కుతుంటవు. గ్రానైట్ లారీ వచ్చి ఆ గాలిని ఆపేస్తది. ఆనుకున్న గోడ తీసేసినట్టు సైకిల్ కుడికి పోతది. లారీ దాటంగనే గాలి మళ్ల కొట్టి మట్టిలకు నూకుతది. అందుకని చప్పుడు వినంగనే చేతులు కింది హ్యాండిల్‌కు తేవాలె, మోచేతులు వంచి వదులుగ పెట్టుకోవాలె, తొక్కుడు ఆపొద్దు, బ్రేకు పట్టొద్దు. తారు అంచు నుంచి మీటరు లోపలికే ఉండు, నెట్టితే పోనీకి జాగ ఉంటది. చెరువు కట్ట, కల్వర్టు, ఊరు దాటి ఇండ్లు అయిపోయే కాడ ముందే తయారుగ ఉండాలె.

మడికొండ_మెకానిక్:
నీళ్ల గురించి చెప్తా. అవి వాల్వు రంధ్రం నుంచి, స్పోకు రంధ్రాల నుంచి లోపలికి పోతయి. చక్రం ఊడదీసి, టైరు, ట్యూబు తీసి, రిమ్ టేపు వాల్వు దగ్గర కొంచెం లేపి, వాల్వు రంధ్రం కిందికొచ్చేటట్టు వేలాడదీయండి. రాత్రంతా ఫ్యాను కింద ఉంచితే చాలు. కొన్ని రిమ్ములకు కంపెనీవాళ్లే చిన్న రంధ్రం పెడతరు, దాంట్ల బురద ఇరుక్కుంటే సూదితో తీయండి. లేనిదానికి డ్రిల్లు మాత్రం పెట్టకండి. కార్బన్ పోగులు తెగి అక్కడి నుంచే పగులు మొదలైతది.

నీళ్లు అట్లనే వదిలేస్తే పోయేది నిప్పుల్లు, అంటే స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్లు. అల్యూమినియం నిప్పుల్లు తడిల కార్బన్‌కు తగిలి ఉంటే తెల్లగ బూజులాంటి పొడి పట్టి లోపల్లోపల తినుకపోతయి. ఒకరోజు గుంత కూడ లేని చోట టప్పుమని తల ఊడి వస్తది. మార్చేటప్పుడు ఇత్తడివి వేయించుకోండి, రెండు చక్రాలకు కలిపి పెరిగే బరువు కొన్ని పదుల గ్రాములే.

కారు సర్వీసింగ్ షాపుల ప్రెషర్ నీళ్లు హబ్ మీద కొట్టించొద్దు, సీలు దాటి బేరింగులకు పోతయి. చక్రం చేతుల పట్టుకొని యాక్సిల్‌ను వేళ్లతో తిప్పి చూడండి. గరగర తగిలితే బేరింగు మార్చుడే.

వాల్వు: 50 రిమ్ముకు 80 ఎంఎం వాల్వు ట్యూబు తీసుకోండి. రిమ్ముకు కొట్టుకొని టిక్కుటిక్కుమంటే వాల్వు చుట్టూ ఎలక్ట్రికల్ టేపు ఒక చుట్టు చాలు.

ఓరుగల్లు_వాట్స్:
తడి గురించి రెండు మాటలు. మీవి డిస్క్ బ్రేకులు కాబట్టి రిమ్ము లోతుకూ బ్రేకుకూ సంబంధమే లేదు, వానకని అల్లాయ్‌కి మారే పని లేదు. రిమ్ బ్రేకు ఉన్నవాళ్ల కథ వేరు. తడి కార్బన్ మీద లివర్ పట్టినంక మొదటి ఒకటి రెండు తిరుగుళ్లు నీళ్లు తుడవడానికే పోతాయి. కార్బన్‌కు చేసిన ప్యాడ్లే వాడాలి. అల్లాయ్ రిమ్ము మీద వాడిన ప్యాడ్లలో ఇరుక్కున్న లోహపు తునకలు కార్బన్‌ను గీకేస్తాయి.

మీ బరువుకు 28 టైరులో పొడి రోడ్డుకు 60 నుంచి 65 పీఎస్ఐ, వానలో 55. హుక్ లేని రిమ్ములవాళ్లు ఏ కాలంలోనైనా 5 బార్, అంటే 72 దాటొద్దు.

నాట్ల రోజుల్లో కేజ్ వీల్ ట్రాక్టర్లు పొలం నుంచి రోడ్డెక్కిన చోట ఎర్రమట్టి పరుస్తాయి. వాన పడితే అది సబ్బు. నిటారుగా దాటండి, మధ్యలో తిప్పొద్దు. కోతలప్పుడు ఆరబోసిన వడ్లు పొడిగా ఉన్నా జారతాయి, కుప్ప అంచున పెట్టిన రాళ్లు ఇంకా ప్రమాదం. తడి రోడ్డు మీద రాతి ముక్కలు, గాజు తునకలు రబ్బరులోకి సులువుగా దిగుతాయి. ఇంటికొచ్చినంక తడిబట్టతో టైరు తుడిచి, రబ్బరు తెగిన చోట్ల ఇరుక్కున్నవి గుండుపిన్నుతో తీసేయండి.

హన్మకొండ_సైకిల్:
హెడ్‌సెట్ చూసిన, ఆట లేదు. దోస్తు దగ్గర 35 ముందు చక్రం ఉంది, వారం రోజులకు ఇస్తడట. అది వేసి చూస్త. రెండు తీర్ల చక్రాలు చూడనీకే జర ఎట్లనో ఉంటదేమో.

మడికొండ_మెకానిక్:
లారీ డ్రైవరు నీ రిమ్ములు చూస్తలేడు. హబ్ మారితే రోటర్, అంటే బ్రేకు పళ్లెం జాగ పిసరంత అటూ ఇటూ అయితది, రుద్దుకుంటది. ఆ పళ్లాన్ని పట్టే కాలిపర్ బోల్టులు రెండూ వదులు చేసి, బ్రేకు గట్టిగ పట్టి ఉంచి, 6 నుంచి 8 న్యూటన్ మీటర్లకు బిగించు. దోస్తు రోటర్ నీ సైజుదేనా చూడు, 140, 160 ఎంఎం కలవయి. షిమానో రోటరైతే 1.5 ఎంఎం కన్నా పలచబడ్డది పెట్టొద్దు. చైన్‌కు కొట్టే స్ప్రే చేతికి అంటుకొని ఉంటే రోటర్ ముట్టకు. ముట్టితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచినంకనే చక్రం ఎక్కించు.