ఎఫ్10 నేర్పాలా, తెర మీది బటన్లు చూపిస్తే చాలా?

సుధ (మారతహళ్లి, బెంగళూరు):
ఇక్కడ కోచింగ్‌లో కొత్త బ్యాచ్‌కి వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్‌లో జావా డీబగ్గింగ్ (ప్రోగ్రాంలో తప్పు వెతకడం) చెప్పాలి. సగం మంది ఎక్లిప్స్ అనే మరో ఎడిటర్ వాడి వచ్చారు. ఎఫ్5 కొడితే ఫంక్షన్ లోపలికి వెళ్తుందనుకుంటారు, ప్రోగ్రాం ఏకంగా చివరిదాకా పరిగెడుతోంది. మిగతావాళ్ల లాప్‌టాప్‌లలో ఎఫ్10 నొక్కితే వాల్యూమో వెలుతురో మారుతోంది. కీలు వదిలేసి బటన్లతో కానిచ్చేయొచ్చా?

రాఘవ:
సుధ గారూ, అవి రెండు వేర్వేరు సమస్యలండీ. ఎక్లిప్స్‌లో ఎఫ్5 స్టెప్ ఇన్‌టు (ఫంక్షన్ లోపలికి), ఎఫ్6 స్టెప్ ఓవర్ (లోపలికి వెళ్లకుండా తర్వాతి లైన్‌కి), ఎఫ్8 రిజ్యూమ్ (ఆగిన చోటి నుంచి మళ్లీ నడపడం). వీఎస్ కోడ్‌లో ఎఫ్5 కంటిన్యూ, ఎఫ్10 ఓవర్, ఎఫ్11 ఇన్‌టు, షిఫ్ట్+ఎఫ్11 అవుట్ (ఫంక్షన్ బయటికి). దారిలో ఇంకో బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాం ఆగాలని గుర్తు పెట్టిన లైన్) లేకపోతే ఎఫ్5 ఎక్కడా ఆగదు. ఎక్లిప్స్ కీలనే వీఎస్ కోడ్‌లో పనిచేయించే కీమ్యాప్ ఎక్స్‌టెన్షన్ దొరుకుతుంది, కానీ ల్యాబ్‌లో వేయించకండి. పక్క సిస్టం ముందు కూర్చుంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

రెండో దాంట్లో కీ అసలు వీఎస్ కోడ్ దాకా రావట్లేదు. కంట్రోల్+కె, వెంటనే కంట్రోల్+ఎస్ కొట్టి షార్ట్‌కట్ల పట్టిక తెరవండి. వెతికే గడిలోని రికార్డ్ కీస్ గుర్తు నొక్కి ఎఫ్10 కొట్టండి. గడిలో ఎఫ్10 పడకుండా సౌండ్ మారిందంటే ఎఫ్ఎన్ లాక్ (ఎఫ్ కీలు సౌండ్, వెలుతురు లాంటి పనులకు పోవాలా వద్దా అనే సెట్టింగ్) సంగతే. చాలా లెనోవో, డెల్ మోడళ్లలో ఎఫ్ఎన్+ఎస్కేప్‌తో మారుతుంది. కొన్ని హెచ్‌పీల్లో బయోస్ (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్) లోకి వెళ్లి యాక్షన్ కీస్ మోడ్ ఆపాలి. మ్యాక్‌లో అయితే ఎఫ్11 డెస్క్‌టాప్ చూపించే పనికి కట్టి ఉంటుంది, కీబోర్డ్ షార్ట్‌కట్స్‌లో ఆ టిక్కు కూడా తీసేయాలి.

నసీమా (వేళచ్చేరి, చెన్నై):
స్టెప్పింగ్‌కి కీలే నేర్పండి. ఏ లైన్ దగ్గర విలువ మారిందో పట్టుకోవడమే డీబగ్గింగ్. లైన్‌కోసారి మౌస్ వెతుక్కుంటే చూపు వేరియబుల్స్ మీంచి పక్కకు పోతుంది. ఎఫ్10 మాత్రం నొక్కి పట్టుకోనివ్వకండి, కీ రిపీటై లైన్లు దాటిపోతాయి.

రన్ చేయడానికి మొదట్లో బటనే మేలు. ఎఫ్5 చివరిసారి ఎంచుకున్న కాన్ఫిగరేషన్‌నే (ఏ ప్రోగ్రాం ఎలా నడపాలో చెప్పే సెట్టింగ్) నడుపుతుంది. రన్ అండ్ డీబగ్ పానెల్లో పచ్చ త్రికోణం పక్కనే దాని పేరుంటుంది కాబట్టి చూసి నొక్కుతారు.

సుధ:
డీబగ్ టూల్‌బార్ ఫైల్ ట్యాబ్‌లను కప్పేస్తోంది. జరపొచ్చా?

రాఘవ:
ఎడమ చివర చుక్కలు పట్టుకుని లాగండి. లేదా సెట్టింగ్స్‌లో టూల్ బార్ లొకేషన్ వెతికి డాక్డ్ (రన్ అండ్ డీబగ్ పానెల్లోనే ఉండేలా) పెట్టండి. హిడెన్ (అసలు కనబడకుండా) మాత్రం వద్దు. బటన్ మీద మౌస్ ఆపితే దాని షార్ట్‌కట్ కనబడుతుంది, పిల్లలు కీలు నేర్చుకునేది అక్కడే.