లాంగలినా, లాంగూలినా?

సంగాం కోడలు: శివరాత్రికి సంగాంలో నాగావళి ఏట మునక వేస్తూ మా మావగారు ఒక శ్లోకం చదివేవారు. "లాంగ... వంశకరా" వరకే గుర్తుంది. మధ్యలో లాంగలినీ అనేవారా, లాంగూలినీ అనేవారా? రెండు రోజులుగా ఇదే ధ్యాస.

పాలకొండ మాస్టారు: మార్కండేయ పురాణంలోదమ్మా. మహేంద్రగిరి నదుల వరసలో మన నాగావళి, వంశధార పక్కపక్కనే వస్తాయి. లాంగలినీయే అయ్యుంటుంది. లాంగలమంటే నాగలి. బలరాముడు నాగలితో గీసిన చాలు కదా మన ఏరు! పాయకపాడు, గుంప, సంగాం, గుడివీధి, కళ్ళేపల్లి... ఆయన ప్రతిష్ఠించారనే ఐదు శివాలయాలూ ఈ గట్టునే ఉన్నాయి.

గుడివీధి: మాస్టారూ, కథ నాకూ ఇష్టమే, కానీ ఛందస్సు ఒప్పుకోదు. ఆ శ్లోకం అనుష్టుప్పు, అంటే పాదానికి ఎనిమిది అక్షరాల ఛందస్సు. దాని పాదంలో రెండో అక్షరం, మూడో అక్షరం రెండూ లఘువులు కాకూడదు. లాంగలినీ అంటే గ, లి రెండూ లఘువులే. గూ దీర్ఘం ఉండి తీరాలి.

పాలకొండ మాస్టారు: ఆ దీర్ఘం ఛందస్సు కోసం సాగదీసిందే కావచ్చుగా? లాంగూలమంటే తోక. ఏటికి తోకేమిటండీ?

గుడివీధి: ఎండాకాలంలో వంతెన మీంచి చూడండి. అంత ఇసుకలో వంకర తిరిగిన సన్నని పాయ తోకలాగే ఉంటుంది.

సవర మన్యం: లాంగలం, లాంగూలం రెండూ ముండా భాషలు కూడా చేరిన ఆస్ట్రో-ఏషియాటిక్ భాషా కుటుంబం నుంచి సంస్కృతంలోకి వెళ్ళాయని ఫ్రెంచి పండితుడు ప్రజిలుస్కీ వాదించాడు. మన కొండల్లో సవరలు మాట్లాడే సవర ముండా భాషే. అంటే ఆ మాట మన కొండల చుట్టపుదే అయ్యుండాలని నా నమ్మకం. ఇలాంటివి గిడుగు వారిని అడగాల్సింది. 1863లో వంశధార గట్టున పర్వతాలపేటలో పుట్టిన మనిషి. సవర నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే బడులు పెట్టారు. ఆయన పేరు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

పాలకొండ మాస్టారు: గిడుగు వారికి వేయి దండాలు. కానీ నాగలి తెలుగు మాటండీ, దాన్ని వదలను.

సంగాం కోడలు: మా ఆడపడుచుకు ఫోన్ చేశాను. నాన్న "లాంగులినీ" అనేవారంది. గు పొట్టిగానేనట.

గుడివీధి: గు హ్రస్వమైతే మళ్ళీ రెండు లఘువులు పడతాయమ్మా! ఇంకోసారి అడగండి, చదివించి వినండి.

పాలకొండ మాస్టారు: ఎందుకు అడగాలి? నాగావళికి ఉన్న లాంగుల్య అనే పేరులో గు పొట్టిదే కదా!